లైనక్స్ రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్‌లో ర్యాంప్ డిలే: ఆరేళ్ళ వాడకం తర్వాత

ఆరేళ్ళుగా లైనక్స్ కెర్నెల్‌లో పవర్ చిప్‌లకు డ్రైవర్లు రాస్తున్నాను. రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్‌లో, అంటే వోల్టేజీని అందించే రెగ్యులేటర్లను నడిపే కెర్నెల్ భాగంలో, వోల్టేజీ ఒక స్థాయి నుంచి మరొక స్థాయికి చేరేందుకు పట్టే కాలాన్ని లెక్కగట్టే భాగం గురించి మాత్రమే ఈ సమీక్ష. నా నిద్ర చెడగొట్టిన తప్పులలో సగానికి పైగా అక్కడివే.

డ్రైవర్ రాసేవారు ర్యాంప్ డిలే విలువను మైక్రోసెకనుకు ఇన్ని మైక్రోవోల్టులని నింపితే, పాత, కొత్త వోల్టేజీల తేడాను దానితో భాగించి, అంతసేపు ఆగే పనిని ఫ్రేమ్‌వర్కే చూసుకుంటుంది. 0.9 వోల్టుల నుంచి 1.2 వోల్టులకు 12,500 చొప్పున ఎక్కడానికి 24 మైక్రోసెకన్లు చాలు. పేరులో డిలే ఉన్నా అది నిజానికి వేగం. చిప్ తయారీదారుల డేటాషీట్లేమో తరచుగా మిల్లీవోల్టుల్లో చెబుతాయి. ఒకసారి డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాలను కెర్నెల్‌కు చెప్పే ఫైలులో) 12,500కు బదులు 12 అని రాసి, అదే మార్పుకు 25 మిల్లీసెకన్లు ఆగుతున్న ప్రాసెసర్‌ను చూసి, పాపం, ఏ పని ఎప్పుడు నడవాలో నిర్ణయించే షెడ్యూలర్‌ను అనుమానించాను.

ఎక్కువసేపు ఆగితే పని నెమ్మదిస్తుంది, అంతే. విలువ నింపడమే మరచిపోతే ఆగవలసిన కాలం సున్నాగా తేలుతుంది. వోల్టేజీ ఇంకా ఎక్కుతుండగానే ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. మా బోర్డు ఒకటి ఇలాంటి డ్రైవర్‌తోనే చాలాకాలం నిక్షేపంగా పనిచేసింది. పవర్ చిప్‌కు ఆదేశాలు చేరవేసే ఐ2సి తీగలపై బదిలీ ముగిశాక ఇంటరప్ట్ (పని అయిందనే సంకేతం) వచ్చి, నిద్రలో ఉన్న థ్రెడ్ లేచేసరికి గడిచే కాలమే ఆ లోటును కప్పిపుచ్చిందని, ఐ2సి కంట్రోలర్ డ్రైవర్‌ను పోలింగ్‌కు (ఇంటరప్ట్ కోసం నిద్రపోకుండా పదేపదే చూసుకునే పద్ధతికి) మార్చిన రోజున బోర్డు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలయ్యాక, ఆసిల్లోస్కోప్ ముందు కూర్చుని గానీ తెలుసుకోలేకపోయాను.

మరొక చిక్కు డివైస్ ట్రీలోనిది. అక్కడ రాసిన వేగం డ్రైవర్‌లోని విలువను పక్కకు నెడుతుంది. అయితే డ్రైవర్‌లో ఆ వేగాన్ని చిప్ రిజిస్టర్‌లో రాసే ఫంక్షన్ లేకపోతే లెక్క మాత్రమే మారుతుంది, చిప్ తన పాత వేగంతోనే నడుస్తుంది. ఇప్పుడు ఏ డ్రైవర్‌ను చూసినా ముందు ఆ ఫంక్షన్ కోసమే వెతుకుతాను.

నా అసలు అసంతృప్తి వోల్టేజీ దిగేటప్పటి లెక్కతో. ఎక్కడానికీ దిగడానికీ ఒకే వేగాన్ని వాడతారు. కానీ లోడ్ (అవతలివైపు కరెంటు వాడకం) తక్కువగా ఉండి, చిప్ తానుగా కెపాసిటర్‌ను ఖాళీ చేయకపోతే, దిగడం ఆ లోడ్ దయమీద ఆధారపడుతుంది. ఎక్కేందుకు, దిగేందుకు వేర్వేరు సెట్లింగ్ టైములు (వోల్టేజీ కుదురుకునేందుకు స్థిరమైన గడువులు) ఇచ్చే వీలు ఉన్నా, ర్యాంప్ డిలే ఉంటే వాటిని పట్టించుకోరు. ఎక్కేటప్పుడు వేగం, దిగేటప్పుడు స్థిరమైన గడువు కావలసిన చిప్‌లకు ఆ కాలాన్ని లెక్కగట్టే ఫంక్షన్‌ను డ్రైవర్‌లో నేనే రాసుకుంటున్నాను. ఇరవై పంక్తులు దాటదు.