‘లేటెస్ట్ ఎడిషన్’ జీకే పుస్తకమా? ముందు స్టిక్కర్ గోకి చూడండి

మా కాలనీలో వినాయక చవితి పందిట్లో ఏటా పిల్లలకు క్విజ్ పెడతాం. ఈసారి ప్రశ్నలు తయారుచేసే పని నా నెత్తిన పడింది. టైం లేక ఆన్‌లైన్‌లో వెతికితే ఒక బిట్ బ్యాంక్ కనపడింది. ‘ప్రకృతి, చరిత్ర, మతాలు, సినిమా: 5000 బిట్లు, 2025 లేటెస్ట్ ఎడిషన్’ అని కవరు నిండా అక్షరాలు. ఒక్కోటి 349 రూపాయలు. నాకొకటి, ప్రైజులకు నాలుగు, మొత్తం 1745 పెట్టి తెప్పించాను. తెరిచి చదివానా అంటే లేదు. అక్కడక్కడ ప్రశ్నలకు పెన్నుతో టిక్కులు పెట్టుకుని స్టేజీ ఎక్కేశాను.

మూడో ప్రశ్నకే బండారం బయటపడింది. “మన రాష్ట్ర పక్షి ఏది?” అని అడిగితే ఏడో తరగతి పాప “రామచిలుక” అంది. పుస్తకంలో చూసి “కాదమ్మా, పాలపిట్ట” అన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు. “పాలపిట్ట తెలంగాణది అంకుల్, మనది మార్చేశారు” అంది. మైకు ఆన్‌లోనే ఉంది. సగం గుంటూరు వినే ఉంటుంది.

పాప చెప్పిందే రైటు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా 2018లో రామచిలుకను ప్రకటించారు. కలువ పోయి మల్లె రాష్ట్ర పుష్పమైంది కూడా అప్పుడే. వేప, కృష్ణజింక మాత్రం మారలేదు కాబట్టి ఆ రెండు బిట్లలో పుస్తకం బతికిపోయింది.

రాత్రి ఇంటికొచ్చి కోపంగా మొదటి నుంచి తిప్పాను. ముద్రణ వివరాలున్న పేజీలో ‘2025’ అన్న చోట కాగితం కాస్త ఉబ్బెత్తుగా ఉంది. గోటితో గోకితే చిన్న తెల్ల స్టిక్కర్ ఊడొచ్చింది. దాని కింద 2013. మిగతా నాలుగు కాపీలూ అంతే. ఒకదానికి స్టిక్కర్ వంకరగా అంటించడంతో 2013లోని మూడు సగం బయటికే కనపడుతోంది. నేనే చూసుకోలేదు. లోపల ఆంధ్రప్రదేశ్‌కు 23 జిల్లాలు, రాజధాని హైదరాబాద్. తెలంగాణ రాష్ట్రం ఈ పుస్తకంలో ఇంకా పుట్టనే లేదు!

సరే, పాత పుస్తకానికి కొత్త కవరేశారు, పాత సంగతులైనా సరిగ్గా ఉంటాయిలే అనుకున్నాను. అదీ లేదు. ‘1952లో భారతదేశంలో అంతరించినట్లు ప్రకటించిన జంతువు: చిరుతపులి’ అట. మరి అలిపిరి నడకదారిలో భక్తులను హడలెత్తిస్తున్నది ఏమిటి? అంతరించింది చీతా. ఇంగ్లిష్ పుస్తకంలోది తెలుగు చేసినవాళ్లకు రెండూ ఒకటే అనిపించినట్టుంది. 2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి ఎనిమిది చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునోలో వదిలారు కాబట్టి ఇప్పుడు ఆ ప్రశ్ననే మార్చి అడగాలి.

అన్నిటికన్నా ప్రమాదం వెనకున్న జవాబుల పట్టిక. మధ్యలో ఎక్కడో ఒక జవాబు ఎగిరిపోయి, అక్కణ్ణుంచి అన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. ‘సాలీడుకు కాళ్లెన్ని?’ అంటే జవాబు తిక్కన. ‘ఆంధ్ర మహాభారతంలో విరాటపర్వం నుంచి చివరిదాకా రాసిందెవరు?’ అంటే 24. అది కింది ప్రశ్నలోని జైన తీర్థంకరుల సంఖ్య. ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. కానీ తర్వాతి పేజీ చూశాక నవ్వు ఆగిపోయింది. భగవద్గీతలో అధ్యాయాలు 114 అట, ఖురాన్‌లో సూరాలు 66 అట. నిజానికి గీతకు 18, ఖురాన్‌కు 114, ప్రొటెస్టెంట్ల బైబిల్‌లో పుస్తకాలు 66. కాళ్ల లెక్కకు తిక్కన అంటే ఎవరైనా పట్టేస్తారు. అంకె అడిగితే అంకే వచ్చినప్పుడు ఎవరికి అనుమానమొస్తుంది? కానిస్టేబుల్ పరీక్షకో గ్రూప్స్‌కో చదివే పిల్లలు అదే బట్టీ పట్టేస్తారు.

సినిమా విభాగంలో ఒక్కదానికి మాత్రం వీళ్లను పూర్తిగా తిట్టలేను. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదల 1931 సెప్టెంబర్ 15 అని ఉంది. దశాబ్దాలుగా అందరూ అదే రాశారు. తర్వాత పాత రికార్డులు తిరగేస్తే ఆ సినిమాకు సెన్సార్ అయింది 1932 జనవరి 22న, బొంబాయిలో విడుదలైంది ఫిబ్రవరి 6న అని తేలింది. 2025 ఎడిషన్ అన్నవాళ్లు దిద్దుకోవాల్సిందే కదా.

అమ్మినవాళ్లకు స్టిక్కర్ ఫోటోలు పంపాను. ‘పుస్తకాలకు రిటర్న్ లేదు’ అని ఒక్క ముక్క జవాబు. మళ్లీ రాస్తే అదీ లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు, కవరు ఫోటో, స్టిక్కర్ ఊడదీసిన పేజీ ఫోటో దాచిపెట్టడం అక్కడ పనికొచ్చింది. మీకూ ఇలాంటిది తగిలితే అట్టపెట్టె కూడా పారేయకండి.

షాపులో కొనేవాళ్లయితే డబ్బులిచ్చేముందు రాష్ట్ర చిహ్నాల పేజీ తీయండి. రామచిలుక లేకపోతే అక్కడే పెట్టేసి వచ్చేయండి. జవాబుల పట్టికలో చివరి పేజీ నుంచి మీకు బాగా తెలిసినవి రెండు మూడు సరిచూడండి. పట్టిక జారితే చివర్లోనే దొరుకుతుంది, మొదట్లో అంతా బాగానే ఉంటుంది. ఆన్‌లైన్‌లో లోపలి పేజీలు చూపించకపోతే నేనైతే ఇక కొనను. పరీక్షలకు చదివే పిల్లలకు ప్రభుత్వ స్కూలు పాఠ్యపుస్తకాలే మేలు, ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

క్విజ్‌లో ఫస్ట్ ప్రైజ్ ఆ పాపకే వచ్చింది. మెరుపు కాగితంలో చుట్టిన పుస్తకం పక్కన పెట్టేసి, మర్నాడు కంపాస్ బాక్స్ కొనిచ్చాం. నాలుగు కాపీలూ బీరువా మీదే ఉన్నాయి, ఫిర్యాదు తేలేదాకా చింపొద్దని మా ఆవిడకు చెప్పాను.