కయాక్ మీద చేపల వేట: చాలాకాలం వాడాక నా సమీక్ష

చేపలు ఎక్కువ పడతాయని మాత్రం కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) కొనకండి. మోటారు బోటువాడు గంటలో చుట్టొచ్చే చోట్లకి తెడ్డేసుకుంటూ వెళ్ళడానికి పూటంతా పడుతుంది. దీని సుఖం వేరు. చప్పుడుండదు, నీళ్ళకి అడుగు ఎత్తులో కూర్చుంటాం, మోకాలి లోతు నీళ్ళలోకి కూడా పోవచ్చు. డాలస్‌కి తూర్పున ఉన్న లేక్ ఫోర్క్‌నే తీసుకోండి. 1980లో ఆ రిజర్వాయర్ కట్టినప్పుడు చాలా చెట్లు కొట్టకుండా వదిలేశారు, ఆ మోడులు నీళ్ళలో ఇంకా నిలబడే ఉన్నాయి. 1992లో పడిన టెక్సాస్ రికార్డు బాస్ అనే మంచినీటి చేప, 18.18 పౌండ్లది, ఈ నీళ్ళలోదే. ఆ మోడుల సందుల్లోకి రావాలంటే పెద్ద బోట్లు జంకుతాయి. 34 అంగుళాల వెడల్పున్న కయాక్ దూరిపోతుంది.

రెండో సుఖం చేప లాగుడు. నాలుగు పౌండ్ల బాస్ గేలానికి పడితే ముందు కయాక్ ముక్కు అటు తిరుగుతుంది, ఆ వెనకే మీరూ బయల్దేరతారు. ఒడ్డున నిలబడి పట్టేవాళ్ళకి ఇది దొరకదు. రీలు డ్రాగ్ (చేప లాగితే లైనుని బిగువుగా కొంచెం కొంచెం వదిలే బ్రేకు) చేసే పనిలో కొంత పడవే చేస్తుంది కాబట్టి లైను అంత తేలిగ్గా తెగదు. మోడుల మధ్య మాత్రం ఇదే తంటా, చేప మిమ్మల్ని కూడా కొమ్మల్లోకి ఈడ్చుకుపోతుంది. రెండు కాళ్ళూ చెరోపక్క నీళ్ళలోకి దించితే వేగం తగ్గుతుంది. రాడ్ ఏడడుగులకి తక్కువ వద్దు. చేప కయాక్ ముక్కు కింద నుంచి అవతలికి దాటినప్పుడు రాడ్ కొస ఆ ముక్కు దాటి అటు తిరగాలి. చేప దగ్గరికొచ్చాక రాడ్‌ని నిట్టనిలువుగా ఎత్తితే కొస పుటుక్కుమంటుంది. చేతిని వెనక్కీ పక్కకీ చాపి, చేపని వల మీదకి జార్చుకోవాలి.

నేను వాడుతున్నది 12 అడుగుల సిట్-ఆన్-టాప్, అంటే లోపల కాకుండా పైన కూర్చునే కయాక్. విశాఖ తీరంలో తెప్ప చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు, పైకొచ్చిన నీళ్ళు అడుగున ఉన్న స్కప్పర్ రంధ్రాల్లోంచి వాటంతటవే పోతాయి. సీటు ఎత్తు, పడవ వెడల్పు, కాబట్టి తెడ్డు 240 నుంచి 250 సెంటీమీటర్లు ఉండాలి. పొట్టి తెడ్డుతో పిడికిళ్ళు అంచుకి కొట్టుకుంటాయి. కంపెనీ రాసిన బరువు పరిమితిలో మీ బరువు, సామాను అన్నీ కలిపి 70 శాతం దాటనివ్వకండి. దాటితే స్కప్పర్ల నుంచి నీళ్ళు సీటు కిందికి ఎక్కుతాయి.

అసలు బాధ బరువు. ఖాళీ పడవే దాదాపు 80 పౌండ్లు. స్కప్పర్లలో కడ్డీలు గుచ్చే చక్రాల బండి చూడ్డానికి సులువే కానీ, బరువంతా ఆ రంధ్రాల అంచుల మీద పడి పగుళ్ళు వస్తాయి. అడుగున పట్టీతో కట్టే బండి మేలు. కారు మీద క్యామ్ బకిల్ పట్టీలు (చేత్తో లాగి బిగించేవి) చాలు. పిడి తిప్పి గట్టిగా బిగించే రాట్చెట్ పట్టీలు వాడితే, పైన టెక్సాస్ ఎండ తోడైతే, అడుగు సొట్టపడుతుంది. సొట్టని ఎండలో బోర్లించి ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

గాలి గంటకి పది మైళ్ళ లోపు ఉంటే హాయి. పదిహేను దాటితే ఇంట్లో ఉండండి. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళాలి, అలిసిపోయాక తిరుగుదారిలో గాలే తోస్తుంది. లంగరు మూడు పౌండ్లది సరిపోతుంది. దాన్ని ముక్కుకో తోకకో మాత్రమే కట్టాలి. పక్కన కడితే అల వచ్చినప్పుడు పడవ అటు వంగి తిరగబడుతుంది. ప్రవాహమున్న నదిలో అసలు లంగరు వేయకండి. మోడుల మధ్య లంగరు ఇరుక్కుంటే రాదు, అక్కడ కొమ్మకి పట్టుకునే క్లాంప్ వాడటమే నయం. లైఫ్ జాకెట్ సీటు వెనక పెట్టుకునేది కాదు, వేసుకునేది. తిరగబడ్డ పడవని తిప్పుకుని పొట్ట మీద జారుతూ ఎక్కడం ఒడ్డు దగ్గరే నేర్చుకోవాలి.

ఇక కయాక్‌కి బదులు కొనదగ్గ గాలి నింపే పాడిల్‌బోర్డు (నిలబడి తెడ్డేసే పలక) సంగతి. పాతిక పౌండ్ల బరువు, అపార్ట్‌మెంట్‌లో మూలన పట్టేస్తుంది. నిలబడితే పోలరైజ్డ్ అద్దాల్లోంచి గూళ్ళ మీదున్న బాస్ కనిపిస్తుంది, కయాక్‌లో కూర్చుంటే ఈ వైభోగం లేదు. గాలి 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా నింపాలి, తక్కువైతే నడుమ కుంగుతుంది. నీళ్ళ నుంచి తీసి ఎండలో పెడితే ఒత్తిడి పెరుగుతుంది, కాస్త వదిలేయాలి. చేపల వేటకి దీని బలహీనతలు రెండు: చిన్న గాలికే కొట్టుకుపోతుంది, అడుగున ఉండే ఫిన్ (రెక్క) కొమ్మలకీ నాచుకీ తగులుకుంటుంది. క్యాట్‌ఫిష్ ముళ్ళు బోర్డుని గుచ్చగలవు, కాబట్టి చేపని నేరుగా బోర్డు మీద పడేయక గట్టి ప్లాస్టిక్ తొట్టిలో వేయండి. మోడుల్లోనూ నదుల్లోనూ లీష్‌ని (బోర్డుకీ మనిషికీ కట్టే తాడు) చీలమండకి కట్టుకోవద్దు, నడుముకి ఒక్క లాగుడుతో ఊడేది కట్టుకోండి.

టెక్సాస్ రూల్స్‌లో జనం మరిచిపోయేది ఒకటుంది. జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు వ్యాపించకుండా, చెరువు వదిలేముందు పడవలోని నీళ్ళన్నీ ఖాళీ చేయాలి. మోటారు లేని కయాక్‌కి కూడా ఇది వర్తిస్తుంది. డ్రెయిన్ ప్లగ్ తీసి తోక కిందికి వంచండి. ప్రతిసారీ గ్లాసుడు కన్నా ఎక్కువ కారుతుంటే హాచ్ (పడవ లోపలి అర) మూత రబ్బరో, స్కప్పర్ పగులో చూడాలి. ఎలక్ట్రిక్ మోటారు తగిలిస్తే రిజిస్ట్రేషన్ తప్పదు.

ఊరికొచ్చినప్పుడు మడతపెట్టి తెచ్చిన బోర్డుతో చెరువులో కొరమీను కోసం దిగాలనుకుంటే, ముందు మత్స్యకార సహకార సంఘాన్ని అడగండి. చాలా చెరువుల్లో వేట హక్కు వాళ్ళది.

గ్యారేజీ ఉంటే కయాక్, లేకపోతే బోర్డు. కయాక్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొనడమే తెలివి. బోర్లించి స్కప్పర్ అంచులు, తోక కింద ఈడ్చిన చోటు వేలితో తడిమి చూడండి. తర్వాత ప్లగ్ బిగించి, హాచ్ లోంచి రెండు బకెట్ల నీళ్ళు పోసి కదపండి. బయట ఎక్కడ తడి కనిపించినా బేరం వదిలేయండి.