తనిఖీ కాగితానికి ఫుల్ మార్కులు, చిల్లర్‌కి మాత్రం సగమే

24 గంటలూ తెరిచి ఉండే చిన్న షాపు ఇది. పాలు, శాండ్‌విచ్‌లు, ఉడికించిన గుడ్లు, కోసిన పండ్ల డబ్బాలు, కాఫీ మెషిను, కౌంటర్ పక్కన వేడి స్నాక్స్ పెట్టె. దీని మీద ఇప్పటికే ఉన్న రివ్యూల్లో అందరూ బిల్లింగ్ స్పీడు గురించీ, ఏసీ చల్లదనం గురించే రాశారు. నాది షాపుల్లో చిల్లర్లు (సరుకుని చల్లగా ఉంచే పెద్ద ఫ్రిజ్‌లు), ఫ్రీజర్లు రిపేరు చేసే పని. ఏ షాపులోకి వెళ్లినా కళ్లు ముందు మెషిను మీదికే పోతాయి, సరుకు తర్వాత. కాబట్టి ఈ రివ్యూ అంతా తిండి ఎంత భద్రంగా ఉంచుతున్నారన్న దాని మీదే.

మంచితో మొదలుపెడతాను. ఫుడ్ సేఫ్టీ తనిఖీ రిపోర్టును తలుపు పక్కనే ఫ్రేము కట్టి పెట్టారు. తేదీ స్పష్టంగా కనబడుతోంది. చాలా చోట్ల ఈ కాగితం కౌంటర్ వెనకాల సిగరెట్ డబ్బాల చాటున ఉంటుంది, వీళ్లు అలా దాచలేదు. రిపోర్టులో పెద్ద లోపాలేమీ లేవు. చేతులు కడుక్కునే సింకు దగ్గర సబ్బు, టిష్యూ లేవని ఒక్క రిమార్కు రాశారు. కౌంటర్ మీంచి తొంగిచూస్తే ఇప్పుడు రెండూ ఉన్నాయి, సింకులో తుడిచే బకెట్టు కూడా లేదు. నవ్వకండి, ఆ సింకును మాప్ కడగడానికి వాడే షాపులు ఎన్నో చూశాను.

కానీ ఆ కాగితం చెప్పేది ఇన్‌స్పెక్టర్ వచ్చిన ఆ పూట సంగతి మాత్రమే. పైగా ఇలాంటి షాపుల్లో ఎక్కువగా ప్యాకెట్ సరుకే కదా అని, హోటళ్లతో పోలిస్తే తనిఖీలు తక్కువ సార్లు జరుగుతుంటాయి. బిస్కెట్లు, కూల్‌డ్రింకులు అమ్మినంత కాలం అందులో తప్పేం లేదు. ఇప్పుడు అదే షాపు శాండ్‌విచ్‌లు అమ్ముతోంది, స్నాక్స్ వేడి చేస్తోంది, ఐస్ కూడా తయారు చేస్తోంది. సగం హోటలైపోయింది.

ఇక అసలు విషయం, గోడ పక్కన ఉన్న ఓపెన్ చిల్లర్. దీనికి తలుపులుండవు. పైన ముందు భాగంలో ఉన్న జాలీలోంచి చల్లగాలి తెరలా కిందికి దిగి, కింద ముందున్న జాలీలోంచి మళ్లీ లోపలికి పోతుంది. బయటి వేడి లోపలికి రాకుండా ఆపేది ఆ గాలి తెరే. అందుకే ఏ కంపెనీ చిల్లర్‌కైనా లోపల ఒక గీత గుర్తు ఉంటుంది, సరుకు దాన్ని దాటి ముందుకు రాకూడదు. ఇక్కడ పాల ప్యాకెట్లు గీత దాటి అరచేతి వెడల్పు ముందుకొచ్చాయి. కింది జాలీకి అడ్డంగా ఆఫర్ బోర్డు ఒకటి పెట్టారు. తెర చిరిగినట్టే.

పైన డిస్‌ప్లేలో 3 అని వెలుగుతోంది. అది గాలి వేడిమి, అది కూడా సెన్సర్ ఉన్న చోటిది. సరుకు వేడిమి కాదు. నా బ్యాగులో థర్మామీటర్ ఎప్పుడూ ఉంటుంది. సూదిని శుభ్రంగా తుడిచి, కింది అరలో ముందు వరుస శాండ్‌విచ్ ప్యాకెట్లు రెంటి మధ్య, ప్యాకెట్టుకి గుచ్చకుండా దూర్చి కాసేపు ఆగాను. 9 డిగ్రీలు చూపించింది. అదే అరలో వెనక వరుసలో 4. పని తెలిసిన ఇన్‌స్పెక్టర్లు కూడా ఇలాగే కొలుస్తారు. డిస్‌ప్లే అంకె రాసుకుని వెళ్లిపోయేవాళ్లూ లేకపోలేదు. లేజర్ చుక్క వేసే గన్ థర్మామీటర్‌ని కూడా పూర్తిగా నమ్మలేం. అది పైపొర వేడిమినే చూస్తుంది, మెరిసే ప్యాకింగ్ అయితే ఇంకా మోసపోతుంది.

ఈ 9 అంకెకి ఎందుకింత హడావిడి అంటే, చల్లగా ఉంచాల్సిన తిండి 5 డిగ్రీల లోపు, వేడిగా అమ్మే తిండి 60 డిగ్రీల పైన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ రెంటి మధ్యే బ్యాక్టీరియాకి పండగ. అనుకూలమైన వేడి దొరికితే కొన్ని రకాలు 20 నిమిషాలకే రెట్టింపవుతాయి. లిస్టీరియా అనేది మరీ మొండిది, ఫ్రిజ్ చల్లదనంలో కూడా మెల్లగా పెరుగుతుంది. గర్భిణులకి, ముసలివాళ్లకి అది చాలా ప్రమాదం. రెడీగా తినే శాండ్‌విచ్‌ని మళ్లీ ఎవరూ ఉడికించరు కాబట్టి చిల్లర్ ఒక్కటే దానికి కాపలా.

చిల్లర్ పక్కన క్లిప్పుకి టెంపరేచర్ చార్ట్ వేలాడుతోంది. రెండు గంటలకోసారి రాయాలి. అన్ని గడుల్లోనూ 4. ఉదయం 4, మధ్యాహ్నం 4, అర్ధరాత్రి 4, అంతా ఒకే పెన్ను, ఒకే వాలు. నా అనుభవంలో ఏ మెషినూ ఇంత బుద్ధిగా ఉండదు. డీఫ్రాస్ట్ అయినప్పుడు, అంటే లోపల పేరుకున్న మంచుని మెషిను కరిగించుకునేటప్పుడు, అంకె పెరుగుతుంది, కొత్త సరుకు నింపినప్పుడు పెరుగుతుంది, మళ్లీ దిగుతుంది. 3, 5, 4, 6 అని తడబడుతూ ఉన్న చార్ట్ చూస్తే నాకు ధైర్యం. అన్నీ నాలుగులే ఉంటే టెన్షన్.

1960ల్లో నాసా వ్యోమగాముల తిండి కోసం పుట్టిన పద్ధతిని ఇప్పుడు తిండి తయారీలో ప్రపంచమంతా వాడుతున్నారు, హాసప్ అంటారు. తయారైన తిండిని చివర్లో పరీక్షించడం మీదే ఆధారపడకుండా, ఎక్కడెక్కడ తేడా రావచ్చో ముందే గుర్తించి ఆ చోట్లని ఎప్పటికప్పుడు కనిపెట్టుకుని ఉండటం దాని కిటుకు. ఆ చార్ట్ అందుకోసమే. ఇన్‌స్పెక్టర్‌కి చూపించడానికి నింపితే కాగితం ఖర్చు తప్ప ప్రయోజనం లేదు.

కౌంటర్లో ఉన్న కుర్రాడికి విషయం చెప్పాను. మొహం చిట్లించలేదు. "అన్నా, వెనక కోల్డ్ రూమ్‌లో చోటు లేదు, లోడ్ రాగానే ఉన్నదంతా ముందుకి సర్దేయమంటారు" అన్నాడు. ముందు వరుస ప్యాకెట్లు తీసి పక్కన పెట్టాడు, ఆఫర్ బోర్డు కూడా లాగేశాడు. చార్ట్ సంగతి అడిగితే మాత్రం నవ్వి ఊరుకున్నాడు. తప్పు వాడిది కాదు. రాత్రి షిఫ్టులో ఒక్కడే బిల్లు కొట్టి, నేల తుడిచి, కాఫీ మెషిను కడిగి, లోడ్ దించుకుంటుంటే రెండు గంటలకోసారి థర్మామీటర్ ఎవరు పట్టుకుంటారు? సరుకెక్కువ పంపేదీ, మనిషిని తక్కువ పెట్టేదీ యాజమాన్యమే.

వేడి పెట్టె బాగుంది. అద్దానికి తగిలించిన థర్మామీటర్ 65 చూపిస్తోంది, ప్రతి ట్రేకీ ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీసేయాలో చీటీ అంటించారు. నేనున్నప్పుడే టైము దాటిన ట్రే తీసి చెత్తలో పడేశారు. పాలల్లో పాత తేదీవి ముందు, కొత్తవి వెనక సర్దారు, అది కూడా సరిగ్గానే ఉంది.

ఐస్ దగ్గర మళ్లీ గొడవే. స్కూప్‌ని ఐస్‌లోనే పారేశారు, అందరూ పట్టుకునే పిడి ముక్కల్లో కూరుకుపోయి ఉంది. ఐస్ కూడా తిండే, గడ్డకట్టినంత మాత్రాన క్రిములన్నీ చావవు. స్కూప్ పెట్టుకోవడానికి పక్కన డబ్బా ఉంది, ఖాళీగా.

మొత్తంమీద ఐదుకి మూడు స్టార్లు. ఒకటి రిపోర్టు దాచనందుకు, ఒకటి వేడి పెట్టెకి, ఒకటి ఆ కుర్రాడికి. ఇక్కడ పాలు కొంటాను, వెనక వరుసలోంచి తీసుకుని. శాండ్‌విచ్‌లు, కోసిన పండ్లు మాత్రం కొనను. చిల్లర్ ముందున్న గీత మళ్లీ ఖాళీగా కనబడితే అప్పుడు చూద్దాం. యాజమాన్యం ఇది చదివితే ఒక ఉచిత సలహా: కంప్రెసర్ మార్చమని ఎవరైనా కొటేషన్ ఇస్తే వెంటనే ఒప్పుకోకండి. ముందు కింది జాలీ ఖాళీగా ఉంచి, మెషిను వేడిని బయటికి వదిలే కండెన్సర్ కాయిల్ మీద దుమ్ము దులిపించి, ఒక రోజంతా సరుకు వేడిమి కొలిచి చూడండి.