నీటి గాడి ఉన్న జర్మన్ జాడీ: సావర్‌క్రౌట్ వేసేవాళ్లు కొనదగ్గదే

సావర్‌క్రౌట్ అంటే జర్మన్ల పులియబెట్టిన క్యాబేజీ, అందులో వెనిగర్ ఉండదు. సన్నగా తరిగిన క్యాబేజీ, ఉప్పు, అంతే. పులుపంతా లాక్టిక్ బ్యాక్టీరియా తెచ్చేదే, వాటి పని సాగాలంటే గాలి తగలకూడదు. జర్మన్లు ఇందుకు వాడే గేర్‌టోఫ్ అనే స్టోన్‌వేర్ (గట్టిగా కాల్చిన మట్టి) జాడీకి మూతి చుట్టూ గాడి ఉంటుంది. అందులో నీళ్లు పోసి మూత పెడితే లోపల పుట్టే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఆవకాయ జాడీకి ఎంత బిగించి వాసెన కట్టినా ఇంత కాపలా కుదరదు.

5 లీటర్ల జాడీలో మూడున్నర కిలోల క్యాబేజీ పడుతుంది. 2 మిల్లీమీటర్ల మందాన తరిగి, 70 గ్రాముల ఉప్పు (బరువులో 2 శాతం) చల్లి, నీరూరేదాకా చేత్తో పిసకాలి. ఇష్టమైతే జూనిపర్ గింజలు (ఓ మసాలా దినుసు), బిర్యానీ ఆకు వేయొచ్చు. పిడికిలితో అదుముతూ నింపి, పైన ఒక పెద్ద క్యాబేజీ ఆకు పరిచి, జాడీతో పాటు ఇచ్చే రెండు అర్ధచంద్రాకారపు బరువు రాళ్లు పెట్టాలి. ఊట ఆ రాళ్ల మీద 2–3 సెంటీమీటర్లు నిలవాలి. చాలకపోతే లీటరుకు 15 గ్రాముల ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లు పోయాలి. జాడీలో ఐదో వంతు ఖాళీ వదలకపోతే ఊట పొంగి గాడిలోకి దిగుతుంది. 18–22 డిగ్రీల్లో వారం, ఆపైన కొంచెం చల్లటి చోట ఉంచితే నాలుగు నుంచి ఆరు వారాల్లో తయారవుతుంది. మన ఎండాకాలపు వేడిలో మాత్రం వేయొద్దు: పులుపు తొందరగా ఎక్కి ముక్క మెత్తబడిపోతుంది.

లోపం కూడా ఆ గాడిలోనే ఉంది. నీళ్లు ఆవిరైపోతే గాలి దూరి ఊట మీద తెల్లటి పొర కడుతుంది. పొర వరకైతే తీసేస్తే చాలు. ముక్క జిగటగా మారినా, బూజు పట్టినా మొత్తం పారేయాలి. ఇల్లు ఉన్నట్టుండి చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని గాడి నీళ్లను లోపలికి లాగేస్తుంది. అందుకే గాడిలో ఉప్పునీళ్లే పోయాలి, అప్పుడప్పుడూ మార్చాలి. లోపలేం జరుగుతోందో కనిపించదు. కనిపించడం లేదని మొదటి రెండు వారాలు మూత తీశారో, చేరిన వాయువంతా పోతుంది.

కిలో మాత్రమే వేసేవాళ్లకు ఇంత బరువైన జాడీ దండగ, గాజు సీసా చాలు. కొనేటప్పుడు గాడి అంచు ఎక్కడా పెచ్చు లేచి ఉండకూడదు. రాళ్లు మూతిలోంచి దిగుతున్నాయో లేదో దుకాణంలోనే పెట్టి చూడాలి.