నాటక కళాకారులకు చేతిసాయమా, ముందస్తు అడ్వాన్సా?

2020లో ఉగాది రోజే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. శ్రీరామనవమి పందిళ్లు లేవు, విశాఖలో నాటకాలాడే కళాభారతి, గురజాడ కళాక్షేత్రం మూతపడ్డాయి. అలాంటి రోజులు మళ్లీ వస్తే, ఇక్కడ నాటకాన్ని నమ్ముకున్నవాళ్లను ఎలా ఆదుకోవాలి? ఊరికే డబ్బు సాయం చేయాలా, తర్వాత వేయబోయే నాటకానికి ముందే అడ్వాన్సివ్వాలా?

ఖర్చు: సాయమైతే ఐదొందలైనా ఫోన్‌పేలో పంపేయొచ్చు. అడ్వాన్సుకు కాలనీ సంఘమో, అపార్ట్‌మెంట్ వాళ్లో చందాలు వేసుకోవాలి.

శ్రమ: సాయం నిమిషం పని. అడ్వాన్సుకు నాటకం, వేదిక, పారితోషికం మాట్లాడుకోవాలి.

రిస్కు: సాయంలో పెద్దగా లేదు. అడ్వాన్సిస్తే ప్రదర్శన ఎప్పుడో తెలియదు. వాయిదా పడినా డబ్బు వెనక్కి అడగబోమని ముందే చెప్పేయాలి.

గౌరవం: నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వేదిక మీద రాజుగా నిలబడ్డ మనిషి బియ్యం సంచి కోసం వరుసలో నిలబడలేడు. అడ్వాన్సంటే అది ఆయన పనికి దక్కే సొమ్ము. కాకపోతే అది నాటక సమాజం నిర్వాహకుడి దగ్గరే ఆగిపోవచ్చు. మేకప్, హార్మోనియం, లైట్లు, తెర లాగే కుర్రాడు... ఎవరి వాటా వాళ్ల ఖాతాలోనే వేయండి.

ఇంటద్దె, మందుల ఖర్చు నెత్తిమీదుంటే ఈరోజే సాయం పంపండి, లెక్కలడక్కండి. పూట గడుస్తూ, చేతిలో పని లేక కుంగిపోతున్న బృందానికైతే అడ్వాన్సే మేలు.