ల్యాబ్‌వ్యూలో మూడు స్థానాల స్విచ్: ఆరేళ్లు వాడాక

మా పంపుల టెస్ట్ బెంచ్ ప్యానెల్ మీద హ్యాండ్ (మనమే నడపడం), ఆఫ్, ఆటో (ప్రోగ్రాం నడపడం) అని ఒక సెలెక్టర్ స్విచ్ ఉంటుంది. దాన్నే ల్యాబ్‌వ్యూ (బొమ్మలు, తీగలతో ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్) తెర మీదికి తెద్దామనుకుంటే ముందే చిక్కొచ్చింది. అక్కడి బూలియన్ స్విచ్‌లకు ఉన్నవి ఆన్, ఆఫ్ అనే రెండే స్థితులు. రెండు బూలియన్లు పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఆన్ చేస్తే ఏమవ్వాలని ఆపరేటర్ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, వారంలోనే తీసేశాను.

ఆ తర్వాత పెట్టిన నిలువు స్లైడే (పైకీ కిందకీ జరిపే మీట) ఇప్పటికీ నడుస్తోంది. స్లైడ్ మామూలుగా దశాంశాలు కూడా పట్టే డీబీఎల్ రకంలో వస్తుంది, అలా వదిలేస్తే 0.6 దగ్గర కూడా ఆగుతుంది. అందుకే రిప్రజెంటేషన్ (సంఖ్య రకం) పూర్ణాంకాలు మాత్రమే పట్టే యూ8కి మార్చి, స్కేల్ 0 నుంచి 2 వరకు పెట్టి, టెక్స్ట్ లేబుల్స్‌లో మూడు పేర్లూ రాశాను. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. 0 హ్యాండ్, 1 ఆఫ్, 2 ఆటో అని రాసుకుని, డిఫాల్ట్ విలువ (ప్రోగ్రాం తెరవగానే ఉండేది, అంటే 0) మార్చడం మరిచిపోయాను. మర్నాడు ప్రోగ్రాం తెరిచి రన్ నొక్కగానే మోటారు గిర్రున తిరిగింది! ఆఫ్‌లో ఉంచి ‘మేక్ కరెంట్ వాల్యూ డిఫాల్ట్’ కొట్టాకే టెన్షన్ తగ్గింది.

కేస్ స్ట్రక్చర్‌కు (విలువను బట్టి వేర్వేరు కోడ్ నడిపేది) దీన్ని నేరుగా కలిపితే పేర్లు కాక 0, 1, 2 అంకెలే కనిపిస్తాయి. కొన్నాళ్లకు మన కోడే మనకు అర్థం కాదు. అందుకని ఒక ఈనమ్‌ను (అంకెలకు పేర్లు పెట్టే రకం) కూడా యూ8 చేసి, టైప్ డెఫ్‌గా (అన్ని చోట్లా వాడే ఒకే నిర్వచన ఫైల్‌గా) దాచుకుని, స్లైడ్ విలువను టైప్ కాస్ట్ అనే రకం మార్చే ఫంక్షన్‌తో అందులోకి మారుస్తాను. పేరు మార్చాల్సి వస్తే ఆ ఒక్క ఫైల్లో మారిస్తే చాలు, వాడిన చోటల్లా మారుతుంది.

అసలు తేడా బయటపడింది మాత్రం చాలా ఆలస్యంగా. నిజం స్విచ్ హ్యాండ్ నుంచి ఆటోకి తిప్పాలంటే ఆఫ్ దాటాల్సిందే. తెర మీద ఆ పట్టింపు లేదు, చివర క్లిక్ చేస్తే ముల్లు ఒక్క గెంతులో అక్కడికి పోతుంది. ఇప్పుడు ఈవెంట్ స్ట్రక్చర్‌లో (తెర మీద ఏదైనా జరిగితే స్పందించే కోడ్) వాల్యూ చేంజ్ ఇచ్చే పాత విలువ, కొత్త విలువ పోల్చి, తేడా 2 అయితే ముందు మోటారు ఆపి, కాసేపాగి ఆటోలోకి పంపుతున్నాను. ఈ కాస్త కోడ్ మొదటి రోజే రాసి ఉండాల్సింది.

వదిలేస్తే తనంతట తాను మధ్యకు వచ్చే స్ప్రింగ్ రకం స్విచ్ కావాలంటే మాత్రం ఇంకా పని ఉంది. బూలియన్‌కు ఉన్న లాచ్ లాంటి మెకానికల్ యాక్షన్ (నొక్కితే, వదిలితే ఎలా ప్రవర్తించాలో చెప్పే సెట్టింగ్) స్లైడ్‌కు లేదు. మౌస్ బటన్ వదలగానే వచ్చే మౌస్ అప్ ఈవెంట్‌లో నేనే 1 (ఆఫ్) రాసి నెట్టుకొస్తున్నాను.