ఐదేళ్లుగా లైబ్రరీ కార్డుతో పాత పత్రికలు, డేటాబేసులు: నా అనుభవం

నా లైబ్రరీ కార్డు వెనక ఉన్న పొడవాటి నంబరు నాకు ఫోన్ నంబరులాగా నోటికి వచ్చేసింది. ఐదేళ్లు దాటింది, దాదాపు ప్రతి వారం దాన్ని టైప్ చేస్తూనే ఉన్నాను. పుస్తకాలు తెచ్చుకోవడం తగ్గింది కానీ, లైబ్రరీ చందా కట్టి తెప్పించే డేటాబేసులూ పత్రికల ఆర్కైవ్‌లూ ఇంటి నుంచే తెరవడం బాగా పెరిగింది. పబ్లిక్ లైబ్రరీ కార్డు మీద ఇలాంటి సదుపాయం ఉంటుందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో కూడా ఎక్కువమంది ఒకటి రెండుసార్లు వెతికి, ఏమీ దొరక్క వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్ల కోసమే ఇది ముఖ్యంగా రాస్తున్నాను.

నేను మొదలుపెట్టింది కరోనా రోజుల్లో. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా (‘స్పానిష్ ఫ్లూ’ అనేది దీన్నే) గురించి అప్పటి పత్రికలు ఏం రాశాయో చూడాలనిపించింది. లైబ్రరీ తలుపులు మూసి ఉన్నాయి, వెబ్‌సైట్ మాత్రం తెరిచి ఉంది. డేటాబేసుల పేజీకి వెళ్లి కార్డు నంబరు, పిన్ కొడితే చాలు, మామూలుగా డబ్బు కట్టమని అడిగే సైట్లు లోపలికి రానిచ్చాయి.

ఇది ఎలా పనిచేస్తుందో కాస్త తెలుసుకుంటే తర్వాత చాలా టెన్షన్ తప్పుతుంది. లైబ్రరీ భవనంలో ఉన్న కంప్యూటర్‌ని డేటాబేసు దాని ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో కంప్యూటర్‌కి ఉండే నంబరు) చూసి గుర్తుపడుతుంది. ఇంట్లో ఉన్న మనల్ని గుర్తుపట్టలేదు కాబట్టి మధ్యలో ప్రాక్సీ సర్వర్ ఒకటి ఉండి, ‘ఈయన మా సభ్యుడే’ అని మన తరఫున లోపలికి తీసుకెళ్తుంది. ఈ పనికి చాలా లైబ్రరీలు వాడే ఈజీప్రాక్సీ అనే సాఫ్ట్‌వేర్ 1999 నుంచీ ఉంది. డేటాబేసు తెరిచాక పైన అడ్రసు బార్‌లో లైబ్రరీ పేరు కూడా కలిసి కనిపించేది అందుకే.

ఇది తెలియక మొదటి నెలలోనే దెబ్బ తిన్నాను. ఒక రాత్రి రెండింటి దాకా కూర్చుని నలభై దాకా వ్యాసాల లింకులు అడ్రసు బార్ నుంచి కాపీ చేసి నోట్స్‌లో పెట్టుకున్నాను. పొద్దున తెరిస్తే ఒక్కటీ పనిచేయలేదు. అవి ఆ రాత్రి లాగిన్‌కి మాత్రమే పనికొచ్చే అడ్రసులు. ఆ రోజు నుంచి వ్యాసం పక్కన ఉండే ‘పర్మలింక్’ (మారని లింకు) గానీ, డీఓఐ నంబరు (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) గానీ తప్ప ఇంకేదీ కాపీ చేయను. ఆ రెండూ లేకపోతే పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు చేత్తో రాసుకుంటాను.

ఇక వెతకడం. అసలు కష్టమూ, అసలు ఆనందమూ ఇక్కడే ఉన్నాయి.

గూగుల్‌కి అలవాటుపడ్డ మనం ఇప్పటి మాటలతో వెతుకుతాం. పాత పత్రికల్లో ఉండేవి అప్పటి మాటలు. నేను మొదట ‘పాండెమిక్’ అని కొట్టాను, వచ్చింది చాలా తక్కువ. ‘ఇన్‌ఫ్లుయెంజా’ అని కొడితే వరద. ‘గ్రిప్’ అని కొడితే ఇంకో వరద, ఎందుకంటే ఆ జబ్బుని అప్పట్లో ఆ పేరుతో కూడా పిలిచేవారు. 1916 పత్రికల్లో మొదటి ప్రపంచ యుద్ధం అని వెతికితే ఏం దొరుకుతుంది? రెండోది వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు కదా. వాళ్లకి అది ‘గ్రేట్ వార్’, లేదంటే ‘యూరోపియన్ వార్’. అందుకే ఇప్పుడు ఏ విషయం మొదలుపెట్టినా ముందు ఆ కాలపు పత్రికలు నాలుగైదు ఊరికే తిరగేస్తాను. వాళ్లు ఏ మాట వాడారో పట్టుకుని, ఆ తర్వాత వెతుకుతాను.

ఒక ఉదాహరణ చెప్తాను. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1918 సెప్టెంబరు 28న యుద్ధ బాండ్ల అమ్మకం కోసం పెద్ద పరేడ్ జరిగింది. అప్పటికే ఊళ్లో జబ్బు ఉంది. అక్టోబరు 3న బడులు, చర్చిలు, థియేటర్లు మూసేయమని ఆదేశాలొచ్చాయి. ఈ రెండు తేదీలూ ఏ చరిత్ర పుస్తకంలోనైనా దొరుకుతాయి. కానీ ఆ మధ్య ఐదారు రోజుల పత్రికలు వరసగా తిప్పడం వేరే అనుభవం. బాండ్లు కొనండని ప్రకటనలు, యుద్ధరంగం వార్తలు, దగ్గు మందుల ప్రకటనలు, వాటి మధ్య రోజురోజుకీ చోటు పెంచుకుంటూ వచ్చే జబ్బు వార్త. వ్యాసాన్ని ఒక్కదాన్నే కత్తిరించి చూపించే డేటాబేసులో ఇది కనిపించదు. అందుకే ‘పూర్తి పేజీ’ చూసే వీలు ఉందా లేదా అన్నది నాకు మొదటి కొలత. ఫిలడెల్ఫియాతో సహా ఎన్నో ఊళ్ల పాత పత్రికల్ని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ‘క్రానిక్లింగ్ అమెరికా’లో అందరికీ ఉచితంగా పెట్టింది. దానికి కార్డు కూడా అక్కర్లేదు. చందా ఉన్నవాటికి వెళ్లేముందు ఇలాంటి ఉచిత ఆర్కైవ్‌లు చూడడం మంచిది.

ఇక ఓసీఆర్. పేజీని ఫొటో తీశాక అందులోని అక్షరాల్ని కంప్యూటర్ చదివి టెక్స్ట్‌గా మారుస్తుంది. మనం వెతికేది ఆ టెక్స్ట్‌లోనే, పేజీలో కాదు. సిరా పాకిన చోట, కాగితం మడతపడిన చోట, మైక్రోఫిల్మ్ మసకగా ఉన్న చోట కంప్యూటర్ తప్పు చదువుతుంది. ఇంగ్లిష్‌లో ‘ఐ’, ‘ఎన్’ అక్షరాలు దగ్గరగా అతుక్కుంటే ‘ఎమ్’ అనుకుంటుంది. అలా ‘ఇన్‌ఫ్లుయెంజా’ మొదటి అక్షరాలే మారిపోయి వెతుకులాటకి అందకుండా పోతుంది. 1800కి ముందు అచ్చయిన ఇంగ్లిష్‌లో ‘ఎస్’ని పొడుగ్గా, చూడ్డానికి ‘ఎఫ్’లా ఉండేలా వేసేవారు. అక్కడ ‘సెయిల్’ కాస్తా ‘ఫెయిల్’ అవుతుంది. వరస చివర విరిగి కింది వరసలోకి దిగిన మాటలు కూడా చాలాసార్లు తప్పిపోతాయి.

తెలుగు పాత పుస్తకాల స్కాన్లలో ఇంకో చిక్కు ఉంది. వాటిలో ‘వాఁడు’ అని అరసున్నతో, ‘చెఱువు’ అని బండి ఱతో ఉంటుంది. మనం ‘వాడు’, ‘చెరువు’ అని కొడితే రాదు. పుస్తకాల పేర్లేమో రోమన్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా ఎక్కించారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీలో ఉన్నాయి, అక్కడ ఒకే రచయిత పేరుని మూడు నాలుగు రకాల స్పెల్లింగుతో వెతకడం నాకు అలవాటైపోయింది. నాలుగో స్పెల్లింగుకి దొరికిన పుస్తకాలు చాలానే ఉన్నాయి.

అందుకే చెప్తున్నా: ‘సున్నా ఫలితాలు’ అని తెర మీద కనిపిస్తే ఆ విషయం పత్రికలో లేదని అర్థం కాదు. తేదీ తెలిసినప్పుడు నేను వెతకడం మానేసి, ఆ రోజు సంచిక తెరిచి పేజీలు తిప్పుతాను. నాకు దొరికిన మంచి సమాచారంలో సగం ఇలా తిప్పితేనే దొరికింది.

పరిశోధన వ్యాసాల డేటాబేసుల సంగతి వేరు. 1995లో మొదలైన జేస్టోర్‌లో పాత జర్నళ్లు మొదటి సంచిక నుంచీ ఉంటాయి కానీ, చాలా జర్నళ్లకి ‘మూవింగ్ వాల్’ ఉంటుంది. అంటే ఇటీవలి మూడు నుంచి ఐదేళ్ల సంచికలు అందులో ఉండవు. ఏడాది గడిచేకొద్దీ ఒక్కో ఏడాది సంచికలు చేరుతుంటాయి. కొత్త వ్యాసాల కోసం జేస్టోర్‌లో గంటసేపు వెతికి విసుక్కోవడం దండగ, దానికి వేరే డేటాబేసు చూసుకోవాలి. ‘ఫుల్ టెక్స్ట్’ అనే గడిలో టిక్ పెట్టడం కూడా మరిచిపోకండి. పెట్టకపోతే వ్యాసం పేరు, నాలుగు వరసల సారాంశం చూపించి ఊరిస్తుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది మాత్రం లైబ్రేరియన్. ‘స్పానిష్ ఫ్లూ’ అని వెతికి వేల ఫలితాల్లో మునిగిపోయి, చివరికి లైబ్రరీ చాట్‌లో అడిగాను. ‘మీకు దొరికిన వాటిలో బాగా పనికొచ్చిన పుస్తకం ఒకటి చెప్పండి’ అన్నారావిడ. చెప్పాను. ఆ పుస్తకం రికార్డు తెరిచి, కింద ఉన్న సబ్జెక్ట్ హెడింగ్ (లైబ్రరీలు ఒక్కో విషయానికి పెట్టుకున్న ఒకే పేరు) చూపించారు: ‘ఇన్‌ఫ్లుయెంజా ఎపిడెమిక్, 1918-1919’. ‘దాని మీద నొక్కండి, రచయిత ఏ మాట వాడినా ఈ విషయం మీద ఉన్నవన్నీ ఒక్కచోటికి వస్తాయి’ అన్నారు. పది నిమిషాల పని. దాంతో నేను వెతికే పద్ధతే మారిపోయింది. ఇప్పుడు ఒక మంచి పుస్తకం దొరికితే చాలు, దాని హెడింగ్ పట్టుకుని మిగతావి లాగుతాను. లైబ్రేరియన్‌ని అడగడానికి మొహమాటపడకండి, వాళ్ల చదువే అది.

లోటుపాట్లు కూడా చెప్పాలి. రెండేళ్లు వాడిన ఒక పత్రికల డేటాబేసు ఒకరోజు జాబితాలోంచి మాయమైంది. చందా కొనసాగించలేదట. అందులో నా ఖాతాలో దాచుకున్న ఫోల్డర్లన్నీ దాంతోపాటే పోయాయి. చాలా బాధపడ్డాను. లైబ్రరీ వీటిలో చాలావాటికి చందా కడుతుందే తప్ప సొంతంగా కొనదని అప్పుడు అర్థమైంది. కొన్నిటిని లైబ్రరీ భవనంలోనే చూడాలి, వంశవృక్షాల డేటాబేసుల్లో ఇది ఎక్కువ. కొన్నిటిలో ఒకేసారి ఇంతమందే అనే లెక్క ఉంటుంది, సాయంత్రం పూట దొరకవు. ఫోన్‌లో పాత పత్రిక పేజీ చదవడం కంటికి శిక్ష, పెద్ద తెర ఉండాల్సిందే.

ఆర్కైవ్‌లో ఉంది కదా, ఎప్పుడైనా చూసుకోవచ్చులే అనుకోవడం కూడా ప్రమాదమే. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగితే ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి నిలిచిపోయాయి. ప్రచురణకర్తలు వేసిన కేసు కారణంగా ఇంటర్నెట్ ఆర్కైవ్ 5 లక్షలకు పైగా పుస్తకాల్ని అరువు జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. 2024 అక్టోబరులో దాని మీదా సైబర్ దాడి జరిగి, సైటు కొన్ని రోజులు పనిచేయలేదు. నిబంధనలు ఒప్పుకున్న మేరకు నాకు కావాల్సిన పేజీ పీడీఎఫ్‌ని అప్పటికప్పుడే దించుకుంటాను. ఫైలు పేరులో ముందు తేదీ, తర్వాత పత్రిక, చివర పేజీ. ఈ వరస పెట్టుకున్నాక వెతుక్కునే బాధ తప్పింది.

నెల రోజులుగా ఇంకో పని అలవాటైంది. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ల ‘ట్రోవ్’లో పాత పత్రికలు ఉచితంగా ఉంటాయి. పేజీ పక్కనే ఓసీఆర్ టెక్స్ట్ కనిపిస్తుంది, తప్పుంటే ఎవరైనా దిద్దవచ్చు. 1919 నాటి ఒక చిన్న వార్త, ఆరు వరసలే, క్వారంటైన్‌లో ఆపేసిన ఓడ గురించి. అందులో ‘ఇన్‌ఫ్లుయెంజా’ అన్న మాట తప్పుగానే ఉంది, మొదట్లో ‘ఎమ్’తో. సరిచేసి సేవ్ చేశాను. మర్నాడు ఆ మాటతోనే వెతికి చూశాను. ఆ ఆరు వరసలూ ఫలితాల్లోకి వచ్చాయి.